ఇంజన్ బ్యాక్‌ఫైర్ కొడుతోందా? చప్పుడు పట్టుకుని లోపం దాకా వెళ్ళే పద్ధతి

ఇంజన్ ఢామ్మని పేలగానే చాలామంది చెయ్యి నేరుగా కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) స్క్రూ మీదకి పోతుంది. దాన్ని అటూ ఇటూ తిప్పేసరికి అసలు లోపం అలాగే ఉండిపోయి, దానికి తోడు సెట్టింగ్ కూడా పోతుంది. ఆ స్క్రూని అన్నిటికంటే చివర ముట్టుకోవాలి. నా లెక్కలో బ్యాక్‌ఫైర్ రిపేరులో మొదటి పనిముట్టు స్క్రూడ్రైవర్ కానే కాదు, చెవి.

వాల్వులు రెండూ మూసుకుని ఉండగా సిలిండర్ లోపల మండాల్సిన పెట్రోలు వేరే చోట మండితే వచ్చేదే ఈ పేలుడు. ఆ వేరే చోటు రెండే రెండు: గాలి లోపలికొచ్చే దారి, పొగ బయటికి పోయే దారి. ఏ దారిలో పేలిందో, ఆ సమయానికి ఇంజన్ ఏం చేస్తోందో తెలిస్తే వెతకాల్సిన జాగా సగానికి సగం తగ్గిపోతుంది. గడ్డి కోసే మిషన్, జనరేటర్, నీటి పంపు, చైన్‌సా, బైకు, కారు, ఏదైనా సరే, పెట్రోలు ఇంజన్ అయితే వరస ఇదే. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు

కార్బొరేటర్ వైపు పేలే ఇంజన్ నోట్లోంచి మంట బయటికొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేసి, ముఖం దగ్గర పెట్టి లోపలికి చూస్తూ స్టార్ట్ చేయడం కనురెప్పలు కాల్చుకునే పని. ఫిల్టరూ దాని డబ్బా దుమ్మునే కాదు, ఆ మంటను కూడా కొంత ఆపుతాయి. పెట్రోలుతో నడిచే పడవ ఇంజన్లకు ఫ్లేమ్ అరెస్టర్ బిగించేది ఇందుకే. కార్బొరేటర్ నోట్లో పెట్రోలు పోసి స్టార్ట్ చేసే అలవాటుంటే మానేయండి.

గాలి ఆడే చోట పని చేయండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. చేతులు పెట్టి ఏ భాగం విప్పాలన్నా ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ లాగి పక్కకి కట్టేయండి. డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

మొదటి మెట్టు: ఎక్కడ పేలింది, ఎప్పుడు పేలింది

కార్బొరేటర్ లేదా ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి టప్ అని చిన్నగా, తుమ్మినట్టు వస్తే అది ఇన్‌టేక్ వైపు బ్యాక్‌ఫైర్. సైలెన్సర్‌లోంచి ఢామ్మని గట్టిగా వస్తే అది ఎగ్జాస్ట్ వైపుది. ఫిల్టర్ డబ్బా లోపల మసి పట్టి ఉన్నా, ఫిల్టర్ స్పాంజి కాలినట్టున్నా మొదటి రకమే అనుకోండి.

ఇక సమయం చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అవుతూ ఒకటి రెండుసార్లు కార్బొరేటర్‌లోంచి టప్పుమని, వేడెక్కాక మానేస్తే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, చోక్ (గాలి తగ్గించి మిశ్రమంలో పెట్రోలు పెంచే మీట) కాస్త ముందే తీసేస్తున్నారని అర్థం. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాకే మొదలైతే వాల్వు క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) మీద గానీ స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ మీద గానీ అనుమానం పెట్టుకోండి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా ఇచ్చినప్పుడు ముందు వైపు, అంటే కార్బొరేటర్ వైపు, పేలితే పెట్రోలు సమయానికి అందట్లేదు. వదిలేసినప్పుడు వెనక, అంటే సైలెన్సర్‌లో, టపటపలాడితే ఎగ్జాస్ట్ లీకు గానీ, ఐడ్లింగ్ మిశ్రమం పల్చబడటం (గాలిలో పెట్రోలు పాలు తగ్గడం) గానీ. ఆపిన మరుక్షణం ఒక్క పెద్ద చప్పుడు వస్తే దాని కథే వేరు, దాని సంగతి తర్వాత. తాడు లాగితే చెయ్యి వెనక్కి గుంజేస్తూ పేలితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తప్పింది, నేరుగా ఫ్లైవీల్ (ఇంజన్ షాఫ్టు కొనకుండే బరువైన చక్రం) దగ్గరికి వెళ్ళండి.

రెండో మెట్టు: పెట్రోలు, ఫిల్టర్, ప్లగ్

ఖర్చు లేనివి ముందు. ట్యాంకులో పెట్రోలు ఎన్నాళ్ళదో గుర్తు తెచ్చుకోండి. నెల దాటిన పెట్రోలు చిన్న ఇంజన్లకి ఇబ్బందే. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది జిగురుగా మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా పీల్చుకుంటుంది. ఫ్లోట్ బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, బౌల్‌లో ఉన్నదాన్ని ఒక గాజు గ్లాసులోకి పట్టండి. అడుగున గుండ్రటి బొట్లుగా విడిగా నిలిచేది నీళ్ళు. అలా కనిపిస్తే ట్యాంకు, పైపు, బౌల్ మూడూ ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోశాకే మిగతా సంగతి.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు వేడి సైలెన్సర్‌లోకి చేరి అక్కడ అంటుకుంటుంది.

ఇప్పుడు ప్లగ్ విప్పి పట్టపగటి వెలుతురులో చూడండి. మధ్యలో ఉన్న తెల్లటి పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే దహనం బాగుంది. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నం కొట్టినట్టుండి, చిన్న బొబ్బల్లాంటివి కనిపిస్తే పెట్రోలు తక్కువై బాగా వేడెక్కుతోంది. తడిగా, నల్లగా, నూనె మెరుపుతో ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. ఇంజన్‌ని ఐడ్లింగ్‌లో చాలాసేపు ఉంచి ఆపాక చూస్తే ఏ ప్లగ్ అయినా నల్లగానే కనిపిస్తుంది. కాసేపు లోడు మీద నడిపించి, అదే స్పీడులో ఆపేసి, చల్లారాక విప్పితే ఆ రంగుని నమ్మొచ్చు. గ్యాప్, అంటే ప్లగ్ కొనల మధ్య ఖాళీ, చిన్న ఇంజన్లలో ఎక్కువగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. మీ మాన్యువల్‌లో ఏముంటే అదే సరైనది. పింగాణీ మీద సన్నటి పగులు కనిపిస్తే శుభ్రం చేయడం దండగ, మార్చేయండి.

మూడో మెట్టు: స్పార్క్

కార్బొరేటర్ జబ్బు అనుకుని విప్పిన ఇంజన్లలో స్పార్క్ లోపం బయటపడటం తరచూ జరిగేదే. అందుకే కార్బొరేటర్‌కంటే ముందు ఇది.

స్పార్క్ టెస్టర్ పెట్టి చూడండి. మెరుపు నీలంగా, లావుగా, ఆగకుండా రావాలి. పసుపుగా, సన్నగా, మధ్యమధ్యలో మిస్సవుతూ వస్తే లోపం ఇక్కడే. విప్పిన ప్లగ్‌ని హెడ్డుకి ఆనించి చూసే అలవాటు చాలామందిది. ప్లగ్ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి పక్కనే నిప్పురవ్వ పుట్టించడం అది. టెస్టర్ లేకపోతే, రంధ్రం మూసి, ప్లగ్‌ని దానికి దూరంగా ఆనించండి.

మిస్సింగ్‌కీ ఎగ్జాస్ట్ పేలుడుకీ సంబంధం సూటిగా ఉంటుంది. ఒక విడత స్పార్క్ రాకపోతే ఆ పెట్రోలూ గాలీ మండకుండానే సైలెన్సర్‌లోకి పోతాయి. తర్వాతి విడతలో మండిన పొగ దాన్ని అంటిస్తుంది. ఇలా మధ్యమధ్యలో స్పార్క్ పోవడానికి ఎక్కువమంది చూడని కారణం ఒకటుంది: ఇంజన్ ఆపే స్విచ్‌కి వెళ్ళే సన్నటి తీగ. అది బాడీకి రాసుకుని తొడుగు అరిగితే, కుదుపుకి ఇనుముకి తగిలిన ప్రతిసారీ స్పార్క్ ఆగిపోతుంది. ఇంజన్ ఆగదు, పేలుతూ నడుస్తుంది. బైకుల్లో సైడ్ స్టాండ్ స్విచ్, తాళం వెనక వదులైన కనెక్టర్ ఇదే పని చేస్తాయి. ఇంజన్ నడుస్తుండగా ఆ వైర్లను ఒక ఎండిన చెక్కముక్కతో మెల్లగా కదిపి చూడండి. కదిపినప్పుడల్లా పేలితే దొంగ దొరికినట్టే.

ఇక ఫ్లైవీల్ కీ. గడ్డి మిషన్ బ్లేడు రాయికో మొద్దుకో తగిలిన తర్వాత మొదలైన బ్యాక్‌ఫైర్ అయితే నేను వేరే ఏదీ చూడను, ముందు ఇదే విప్పుతాను. ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతం కాయిల్ ముందు నుంచి ఎప్పుడు వెళ్తే అప్పుడు స్పార్క్ వస్తుంది. ఫ్లైవీల్‌నీ క్రాంక్ షాఫ్టునీ ఒకే వరసలో నిలబెట్టేది వేలి గోరంత కీ ముక్క. చాలా చిన్న ఇంజన్లలో దాన్ని మెత్తటి లోహంతో కావాలనే చేస్తారు. బ్లేడు ఠక్కున ఆగితే షాఫ్టు ఆగిపోతుంది, బరువైన ఫ్లైవీల్ మాత్రం తిరగాలని చూస్తుంది. ఆ గుంజుడుకి కీ కోసుకుపోతుంది. పూర్తిగా తెగితే ఇంజన్ సాధారణంగా స్టార్టే కాదు కాబట్టి అనుమానం వెంటనే అటు పోతుంది. సగం నలిగినప్పుడే మనిషి మోసపోయేది: స్టార్ట్ అవుతుంది, పేలుతుంది, పవర్ ఉండదు. 20 మిల్లీమీటర్ల షాఫ్టు మీద అర మిల్లీమీటరు జరిగితే టైమింగ్ దాదాపు 3 డిగ్రీలు తప్పుతుంది.

నట్ తీసి పైనుంచి చూస్తే షాఫ్టు మీద గాడి, ఫ్లైవీల్‌లో గాడి ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలి. మెట్టులాగా పక్కకి జరిగి కనిపిస్తే కీ పోయింది. కానీ సరిగా ఉన్నట్టు కనిపించినా కీని బయటికి తీసి పక్కనుంచి చూడాల్సిందే. మధ్యలో సన్నటి గీత, చిన్న మెట్టు ఏర్పడి ఉంటే మార్చండి. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తోనే లాగండి, షాఫ్టు కొన మీద సుత్తి వేయకండి. మళ్ళీ ఎక్కించేటప్పుడు షాఫ్టు కోసుగా ఉన్న భాగాన్నీ ఫ్లైవీల్ రంధ్రాన్నీ నూనె చుక్క లేకుండా తుడవాలి. ఫ్లైవీల్‌ని గట్టిగా పట్టి ఉంచేది ఆ రెండు వాలుల బిగువే. కీ పని వరస నిలబెట్టడం వరకే. అందుకే నట్‌ని మాన్యువల్ చెప్పినంత టార్క్ పెట్టి బిగించాలి. వదులుగా ఉంటే కొత్త కీ కూడా వారం తిరక్కుండా నలుగుతుంది. మెత్తటి కీ బదులు గట్టి ఉక్కు ముక్క అరగదీసి పెట్టకండి. ఈసారి దెబ్బ తగిలితే కీ బదులు షాఫ్టే పోతుంది.

పనిలో పనిగా కాయిల్‌కీ అయస్కాంతానికీ మధ్య ఖాళీ కొలవండి. చాలా చిన్న ఇంజన్లలో 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు ఉంటుంది. అయస్కాంతం మీద తుప్పు ఉంటే గాజు కాగితంతో తీసేయండి.

ఒకటికంటే ఎక్కువ సిలిండర్లున్న వాహనాల్లో ప్లగ్ వైర్లు తారుమారైతే ముందు వైపు, వెనక వైపు రెండు చోట్లా పేలుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువగా కనిపించే స్పార్క్ వరస 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకి స్పార్క్ పంచే భాగం) ఉన్న పాత కార్లలో క్యాప్ లోపల సన్నటి నల్ల గీత కోసం వెతకండి. స్పార్క్ ఆ గీత మీదుగా పక్క సిలిండర్‌కి దూకుతుంది. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా ఇంజన్ ఇలాగే పేలుతుంది. అది అనిపిస్తే ఇంజన్ మళ్ళీ తిప్పకండి, కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి.

నాలుగో మెట్టు: మిశ్రమం ఎటు తప్పింది

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన దాదాపు 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు ఉండాలి. ఇథనాల్‌కి దాదాపు 9 వంతులే చాలు. అంటే ఇథనాల్ ఎక్కువ కలిసిన ఇంధనం పోస్తే, అదే జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రం) ఉన్న కార్బొరేటర్‌లో మిశ్రమం పల్చబడుతుంది. పల్చటి మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. ఇన్‌టేక్ వాల్వు మళ్ళీ తెరుచుకునే సమయానికి కూడా లోపల మంట మిగిలి ఉంటే, అది వచ్చే కొత్త మిశ్రమాన్ని అంటిస్తుంది. కార్బొరేటర్ తుమ్మేది అప్పుడే.

ఎటు తప్పిందో తేల్చడానికి చోక్‌ని మించిన పరీక్ష లేదు. ఇంజన్ వేడెక్కి, పేలుతూ నడుస్తుండగా చోక్‌ని మెల్లగా సగం దాకా వేయండి. పేలుడు తగ్గి ఇంజన్ నున్నగా నడిస్తే పెట్రోలు తక్కువ అవుతోంది. ఇంకా ఉక్కిరిబిక్కిరై నల్ల పొగ కక్కితే అప్పటికే పెట్రోలు ఎక్కువ. విప్పకుండా, ఏదీ కొనకుండా అర నిమిషంలో తేలిపోతుంది.

తక్కువని తేలితే ట్యాంకు మూత గాలి రంధ్రం నుంచి మొదలుపెట్టండి. అది మూసుకుంటే ఇంజన్ కాసేపు బాగా నడిచి తర్వాత పెట్రోలు అందక పేలుతుంది. మూత వదులు చేయగానే సరైతే అంతే, ఇంకేం విప్పక్కర్లేదు. తర్వాత పెట్రోలు ఫిల్టర్, ఆ తర్వాత జెట్లు. జెట్ రంధ్రంలోకి గట్టి తీగ దూర్చకండి, కంటికి కనిపించనంత గీత పడినా కొలత మారిపోతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, కాసేపు నాననిచ్చి, గాలితో ఊదండి. ఐడ్లింగ్‌కి పెట్రోలిచ్చే పైలట్ జెట్ రంధ్రం మెయిన్ జెట్‌ది కంటే సన్నం. ముందు మూసుకునేది అదే. యాక్సిలరేటర్ పంపు ఉన్న పాత కార్ల కార్బొరేటర్లలో, ఇంజన్ ఆపి ఉండగా లివర్ నొక్కితే నోట్లో పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. చిమ్మకపోతే ఒక్కసారిగా రేజ్ చేసినప్పుడు పేలడానికి కారణం దొరికింది.

ఎక్కువని తేలితే చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోలు ఆపే సూది) అరిగి బౌల్ పొంగుతోందా చూడండి. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడటం మరవద్దు. పెట్రోలు వాసన కొట్టి, మట్టం పెరిగి ఉంటే ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయకూడదు.

ఇవన్నీ అయ్యాకే మిశ్రమం స్క్రూ. తిప్పే ముందు, పూర్తిగా బిగుసుకోవడానికి ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. కొన్ని కార్బొరేటర్లలో అది పెట్రోలుని, కొన్నిటిలో గాలిని సరిచేస్తుంది, ఒకదానిలో వదులు చేస్తే చిక్కబడేది ఇంకోదానిలో పల్చబడుతుంది. ఏ రకమో తెలియకుండా తిప్పకండి.

ఐదో మెట్టు: దొంగగాలి

జెట్లు శుభ్రంగా ఉన్నా మిశ్రమం పల్చగానే ఉంటే, కార్బొరేటర్ తర్వాత ఎక్కడో గాలి దూరుతోంది. గాస్కెట్, ఇన్‌టేక్ రబ్బరు, పగిలిన వాక్యూమ్ గొట్టం. ఐడ్లింగ్ స్థిరంగా ఉండక పైకీ కిందకీ ఊగుతుంటే ఈ అనుమానం బలపడుతుంది. రబ్బరు ముక్కని చేత్తో వంచి చూడండి, నిటారుగా ఉన్నప్పుడు కనిపించని పగుళ్ళు వంచితేనే నోరు తెరుస్తాయి.

కార్బ్ క్లీనర్ కొట్టి స్పీడు మారుతుందేమో చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. కానీ పేలే ఇంజన్ మీద మండే ద్రవం చల్లడం నేను ఒప్పుకోను. సీసాతో నీళ్ళు సన్నగా, వైర్లకి తగలకుండా, జాయింట్ల మీద మాత్రమే కొట్టండి. లీకు ఉన్నచోట నీళ్ళు లోపలికి పీల్చుకోవడం, ఐడ్లింగ్ ఒక్క క్షణం తడబడటం తెలుస్తుంది.

టూ స్ట్రోక్ ఇంజన్లలో క్రాంక్ సీళ్ళు కూడా గాలి పీలుస్తాయి. ఆయిల్ పెట్రోలుతోనే వస్తుంది కాబట్టి ఇక్కడ పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. దొంగగాలి ఉందని తెలిసి నడపకండి. రీడ్ వాల్వు (మిశ్రమాన్ని లోపలివైపే పోనిచ్చే రేకు తలుపు) రేకు విరిగినా కార్బొరేటర్ వెనక్కి ఉమ్ముతుంది.

ఆరో మెట్టు: వెనక టపటపలు

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో టపటపలాడటం బైకుల్లో మామూలు. అప్పుడు లోపల మిశ్రమం సరిగా అంటుకోదు, కొంత పెట్రోలు మండకుండా వెనక్కి పోతుంది. దానికి వేడీ తాజా గాలీ తోడైతే పేలుతుంది. కాబట్టి గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. హెడ్డుకీ పైపుకీ మధ్య ఉన్న గాస్కెట్ చుట్టూ నల్లటి మసి చారలుంటే అక్కడే. పొగలో మిగిలిన పెట్రోలు మండటానికి ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే వాల్వు చాలా బైకుల్లో ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు అది మూసుకోవాలి. దాని సన్నటి వాక్యూమ్ గొట్టం పగిలితే మూసుకోదు. సైలెన్సర్ మార్చి జెట్ మార్చకపోతే కూడా ఇదే గోల. అప్పుడప్పుడూ చిన్నగా రెండు టపటపలైతే నేను వదిలేస్తాను. కొత్తగా మొదలై పెరుగుతుంటే వదలకూడదు.

గడ్డి ట్రాక్టర్ లాంటి వాటిలో తాళం తీయగానే ఒకే ఒక్క పెద్ద పేలుడు వస్తుంటే, స్పార్క్ ఆగినా ఫ్లైవీల్ ఊపుకి ఇంజన్ ఇంకా తిరుగుతూ పెట్రోలు లాగుతోందన్నమాట. చాలావాటికి ఫ్లోట్ బౌల్ కింద పెట్రోలు ఆపే సోలెనాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేస్తే టిక్ అనాలి. అనకపోతే దానికి కరెంటు వస్తోందో లేదో చూసి, వస్తుంటే సోలెనాయిడ్ మార్చండి. సోలెనాయిడ్ లేని ఇంజన్‌ని స్పీడు తగ్గించి, కాసేపు ఐడ్లింగ్‌లో చల్లారనిచ్చి ఆపండి.

ఏడో మెట్టు: వాల్వులు

ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే మంట నేరుగా కార్బొరేటర్‌లోకి వస్తుంది. ట్యాపెట్ (వాల్వుని నొక్కే భాగం) బిగువైతే చల్లగా ఉన్నప్పుడు మూసుకుంటుంది, వేడికి కాడ సాగి తెరుచుకునే ఉంటుంది. వేడెక్కాకే పేలుతుందని మొదట్లో చెప్పింది ఇదే. క్లియరెన్స్ సాధారణంగా చల్లటి ఇంజన్ మీద, కంప్రెషన్ స్ట్రోకు చివర ఫీలర్ గేజ్‌తో కొలవాలి. స్టార్టింగ్ తేలిక చేసే డీకంప్రెషన్ పిన్ ఉన్న చిన్న ఇంజన్లలో అది వాల్వుని కాస్త ఎత్తి ఉంచుతుంది కాబట్టి, పిస్టన్ పైకొచ్చాక ఇంకో 6 మిల్లీమీటర్లు దిగేలా తిప్పి కొలవండి. క్లియరెన్స్ సరిగ్గా ఉన్నా కంప్రెషన్ తక్కువుంటే వాల్వు సీటు కాలి ఉండొచ్చు. అది హెడ్డు విప్పే పని, మెకానిక్‌కి ఇవ్వండి.

ఇంజెక్షన్ కార్లు, గ్యాస్ కిట్లు

కంప్యూటర్ ఉన్న కారులో ముందు స్కానర్ పెట్టండి. పి0300 వస్తే ఏ సిలిండర్ అని తేలని మిస్సింగ్, పి0301 వస్తే మొదటి సిలిండర్‌ది. అప్పుడు ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూడండి, కోడ్ కూడా దానితో పాటు వెళ్తే కాయిల్ పోయినట్టే. పి0171 అంటే మిశ్రమం పల్చగా ఉందని. దొంగగాలి, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్, నీరసించిన పెట్రోలు పంపు ఈ వరసలో చూడండి. ఇంజన్ లైటు ఆరిపోతూ వెలుగుతూ ఉంటే మాత్రం నడపడం ఆపేయండి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగని శుభ్రం చేసే డబ్బాలో) చేరి మండి దాన్ని కరిగించేస్తుంది, అడుగు భాగం నిప్పంత వేడెక్కుతుంది.

పాత పద్ధతి మిక్సర్ గ్యాస్ కిట్లలో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అంతా గ్యాసూ గాలీ కలిసి నిండి ఉంటుంది. అందుకే చిన్న మిస్సింగ్‌కే ఫిల్టర్ డబ్బా పగిలేంత పేలుడు వస్తుంది. గ్యాస్‌ని అంటించడానికి స్పార్క్ బలంగా ఉండాలి. ప్లగ్గులూ వైర్లూ పెట్రోలు కారుకంటే ముందే మార్చాలి, గ్యాప్ కిట్ తయారీదారు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ ఇంజన్‌ని పూర్తిగా వేడెక్కనిచ్చి, మొదట పేలినప్పుడు ఏం చేస్తోందో అదే చేయించి చూడండి: లోడు మీద పేలితే లోడు మీద, వదిలినప్పుడు పేలితే వదిలి. నిలబెట్టి రేజ్ చేస్తే రాలేదని సంతోషపడి కవర్లు బిగించేయకండి.